ఒక ప్లేయరు, మూడు ముళ్ళు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. డీఏ బకాయిల గురించి కోశాధికారి గారు అంతకంటే వివరంగా చెప్పారు. నన్ను మాత్రం "ఇంటికి పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అని పురమాయించారు. పోయిన ఏడాది నేను ఇంట్లో రికార్డ్ ప్లేయర్ కొన్నాను. అది కొనడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో తెలుసుకున్నదే ఈరోజు చెబుతాను. ఈ కాలంలో రికార్డ్ ప్లేయరేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వండి. మీలో చాలామంది ఇళ్ళలో అటక మీద గ్రామఫోన్ ప్లేట్లు ఉన్నాయని నాకు తెలుసు.

ముందు నా సంగతి. నేను 1951లో పుట్టాను. 1973లో కరెంటు శాఖలో చేరి 2009లో రిటైరయ్యాను. అది మీ అందరికీ తెలిసిందే. తెలియనిది ఒకటుంది. ఉద్యోగం రాకముందు రెండేళ్ళు సూర్యాపేటలో ఒక మైకు సెట్టు దుకాణంలో పనిచేశాను. పెళ్ళికీ పేరంటానికీ ఎద్దుల బండి మీద యాంప్లిఫయరు, బ్యాటరీలు, రెండు హారన్లు, రికార్డుల పెట్టె వేసుకొని పోయేవాళ్ళం. మన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు హారన్ భుజాన మోసుకుంటూ గుట్ట ఎక్కినవాణ్ణి. ఇప్పుడు డీజే అంటున్నారే, ఆ పని అప్పుడు మేం చేసిందే. ఏ పాట తర్వాత ఏ పాట వేయాలి, భోజనాల వేళ ఏది, అప్పగింతల వేళ ఏది అన్నది మా చేతిలో ఉండేది. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యేలోగా పందిరి మూగబోతే యజమాని తిట్టేవాడు.

ఆ ప్లేయరులో ఒక చిత్రం ఉండేది. ముల్లుకు చిన్న మీట. ఒకవైపు తిప్పితే లావు ముల్లు, రెండోవైపు తిప్పితే సన్న ముల్లు. లావుది పాత 78 ప్లేట్లకు, సన్నది 45, 33 రికార్డులకు. తిప్పడం మరిచిపోతే యజమాని నెత్తి మీద మొట్టేవాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. దీన్ని మరిచిపోయే నేను నష్టపోయాను.

మా ఇంటావిడ పోయి నాలుగేళ్ళయింది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న రికార్డులు మొత్తం 43. అందులో 14 పాత 78 ప్లేట్లు, మిగిలినవి ఎల్‌పీలు, చిన్న ఈపీలు. ఆమె ఉన్నన్నాళ్ళూ వాటిని దుమ్ము దులిపి పెట్టేది గానీ, మా పాత ప్లేయరు 1990ల్లోనే పాడైపోవడంతో వినడం కుదరలేదు. క్యాసెట్లు వచ్చాయి, తర్వాత సీడీలు, తర్వాత ఫోను. ఆమె పోయాక ఒకరోజు ఆ పెట్టె తెరిచాను. వినాలనిపించింది. ఫోన్లో చూసి, సూట్‌కేసు ఆకారంలో ఉండి అందులోనే స్పీకర్లు ఉన్న ప్లేయరు ఒకటి తెప్పించాను. చవక. చూడ్డానికి ముద్దుగా ఉంది. ఆమెకు ఇష్టమైన 'లవకుశ' రికార్డు రోజూ సాయంత్రం వేసుకునేవాణ్ణి. లీల గారు, సుశీల గారు కలిసి పాడుతుంటే ఆమె వంటింట్లో గొంతు కలిపేది, అది గుర్తొచ్చేది. రెండు నెలలకు ఆ రికార్డులో సుయ్యి సుయ్యిమని చప్పుడు మొదలైంది. మొదట ప్లేయరు పాడైందనుకున్నాను. ప్లేయరుకేమీ కాలేదు. పాడైంది రికార్డు.

ఇలాంటి చవక యంత్రాల్లో ముల్లు అయిదారు గ్రాముల బరువుతో గాడిని ఒరుసుకుంటూ పోతుంది. మంచి ప్లేయరులో ఎల్‌పీ మీద పడే బరువు రెండు గ్రాములు, అంటే తులంలో అయిదో వంతు. తేడా చూడండి. పైగా అదే సన్న ముల్లుతో నేను 78 ప్లేట్లు కూడా వేశాను. ఎల్‌పీ ముల్లు కొన అంగుళంలో వెయ్యో వంతు కంటే తక్కువ, సుమారు 0.7 వంతు. 78 ప్లేటుకు కావలసింది 3 వంతులు, అంటే నాలుగు రెట్లకు పైగా లావు. సన్న ముల్లు ఆ వెడల్పు గాడి అడుగున దొర్లుతూ మట్టిని గీకుతుంది. కుర్రతనంలో నెత్తి మీద మొట్టికాయలు తిని నేర్చుకున్న సంగతి డెబ్బై దాటాక మరిచిపోయాను. అమ్మినవాడిని ఎంత తిట్టుకున్నా, ఆ తప్పు నాది.

అప్పుడే మా మనవడు రంగంలోకి దిగాడు. వాడు డీజే. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా బరాత్‌లకు పోతాడు. డీసీఎం మీద పెద్ద పెద్ద బాక్సులు పెట్టుకొని వాడు చేసే చప్పుడు గురించి ఇక్కడున్న కొందరు నాకు ఫిర్యాదు కూడా చేశారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయని వాడికి చదివి వినిపించాను. ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఒకరోజు వాడు "తాతా, నాకు ట్రాక్టర్ కావాలె" అన్నాడు.

"మనకున్నది ఎకరం ముప్పై గుంటలు. దానికి ట్రాక్టరెందుకురా?"

"పొలం దున్నే ట్రాక్టర్ గాదు తాతా. కంప్యూటర్ల ఏసుకునేది. దాని పేరే ట్రాక్టర్. లేకపోతే సెరాటో. దానికి టర్న్‌టేబుల్ ఉండాలె."

వాడు చెప్పింది నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మీకు రెండు నిమిషాల్లో చెబుతాను. టర్న్‌టేబుల్ మీద ఒక ప్రత్యేకమైన రికార్డు పెడతారు. దాని మీద పాట ఉండదు. ఒక ఈల లాంటి మోత మాత్రమే ఉంటుంది. ముల్లు ఆ మోతను చదివి కంప్యూటరుకు పంపుతుంది. ఆ మోతను బట్టి ప్లేటు ఎంత వేగంతో తిరుగుతోంది, ముందుకా వెనక్కా, ముల్లు ఎక్కడుంది అని కంప్యూటరు లెక్కకట్టి, తనలో ఉన్న పాటను అదే వేగంతో, అదే దిక్కుకు నడుపుతుంది. చేత్తో ప్లేటును ఆపితే పాట ఆగుతుంది. వెనక్కి లాగితే కిర్రుమని వెనక్కి పోతుంది. న్యూజిలాండ్‌కు చెందిన సెరాటో వాళ్ళు 2004లో ఇలాంటిది తెచ్చాక, వందల రికార్డులు మోసే పని డీజేలకు తప్పింది. నాకు ఇది బాగా నచ్చింది. సబ్‌స్టేషన్లో ఉండి దూరంలో ఉన్న బ్రేకరును నడిపినట్టే కదా!

నేను వాణ్ణి సూటిగా అడిగాను, "బరాత్‌కు ఇది అవసరమా?" అని. "అవసరం లేదు తాతా, పెన్‌డ్రైవ్, కంట్రోలర్ చాలు. కానీ చేత్తో చేసుడు నేర్చుకోవాలె" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను. పని నేర్చుకుంటానన్న పిల్లవాడికి అడ్డం చెప్పలేం. అలా ఇద్దరికీ ఒకటే యంత్రం కొనాలని నిర్ణయించుకున్నాం. బకాయిల్లో నుంచి కొంత నేను, బరాత్ డబ్బుల్లో నుంచి కొంత వాడు. అసలైన డీజేలకు రెండు యంత్రాలు కావాలి. మాది నేర్చుకోవడానికి కాబట్టి ఒకటి చాలు. రెండోవైపు పని వాడి కంట్రోలర్ చూసుకుంటుంది.

నాకు వచ్చిన మొదటి అనుమానం మీకూ వస్తుంది. వాడు ముందుకూ వెనక్కూ లాగే మోటు యంత్రం మీద నా లవకుశ ఎట్లా వేయను? కోఠీ గుజరాతీ గల్లీలో ఒక దుకాణదారు కూడా "సార్, ఇంట్లో వినడానికి బెల్టుది కొనండి, డీజేకి వేరేది కొనండి" అన్నాడు. రెండు కొంటే వాడికి లాభం, అది వేరే సంగతి. కానీ అతని మాటలో కొంత నిజం ఉంది. బెల్టు ప్లేయరులో మోటారు ఒక పక్కన ఉండి, రబ్బరు పట్టీతో పళ్ళేన్ని తిప్పుతుంది. మోటారు అదురు పళ్ళేనికి తక్కువగా చేరుతుంది. వినడానికి బాగుంటుంది. అయితే చేత్తో పట్టి ఆపి వదిలితే పట్టీ జారుతుంది, మళ్ళీ వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. కొన్నేళ్ళకు పట్టీ సాగుతుంది కూడా. డైరెక్ట్ డ్రైవ్‌లో పళ్ళెం నేరుగా మోటారు మీదే కూర్చుంటుంది. వదిలీ వదలగానే వేగం అందుకుంటుంది.

ఈ డైరెక్ట్ డ్రైవ్ చరిత్ర చదివాక నా అనుమానం తీరింది. జపానులో మత్సుషితా కంపెనీ 1970లో ఎస్‌పి-10 అనే డైరెక్ట్ డ్రైవ్ యంత్రం తెచ్చింది. 1972లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 వచ్చింది. అది డీజేల కోసం చేసింది కాదు. ఇంట్లో కూర్చుని సంగీతం వినే పెద్దమనుషుల కోసం చేసింది! మరుసటి ఏడాది, 1973 ఆగస్టు 11న, న్యూయార్క్ బ్రాంక్స్‌లో జమైకా నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు కూల్ హెర్క్ తన చెల్లెలి విందులో రెండు టర్న్‌టేబుళ్ళు పెట్టి పాటలో జనం గంతులేసే ముక్కనే మళ్ళీ మళ్ళీ వాయించాడు. జమైకాలో కూడా మన మైకు సెట్ల లాంటివి ఊరూరా ఉండేవట. ఆ తర్వాత ఆ కుర్రవాళ్ళంతా టెక్నిక్స్ యంత్రాన్ని పట్టుకున్నారు. ఎందుకంటే ఎంత లాగినా అది వేగం తప్పలేదు. కంపెనీ వాళ్ళు అది గమనించి 1979లో వచ్చిన మార్క్-2లో వేగం పెంచే తగ్గించే జారుడు మీట పెట్టారు. 2010లో తయారీ ఆపేసే నాటికి ఆ వరుసలో 35 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 2016లో మళ్ళీ మొదలుపెట్టారు. అంటే డీజే చేతిలో ఉన్నది పుట్టుకతో ఇంటి యంత్రమే. దాన్ని మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడానికి మనకు సిగ్గెందుకు?

కాబట్టి యంత్రం ఒకటే చాలు. మారవలసింది ముల్లు. డీజే యంత్రాలకు ఎస్ ఆకారంలో వంగిన చేయి ఉంటుంది. ఆ చేయి కొసన ముల్లు ఉన్న తల ఊడి వస్తుంది. దాన్ని హెడ్‌షెల్ అంటారు. చిన్న మర తిప్పితే ఊడుతుంది, బల్బు మార్చినంత తేలిక. అందుకని మూడు తలలు పెట్టుకున్నాం. ఒకటి మనవడిది. గుండ్రని కొన ఉన్న గట్టి ముల్లు, మూడు నాలుగు గ్రాముల బరువు వేస్తాడు, లేకపోతే వాడు లాగే లాగుడుకు ఎగిరిపోతుంది. రెండోది నాది, ఎల్‌పీలకు, రెండు గ్రాములు. మూడోది 78 ప్లేట్లకు లావు ముల్లు, అయిదు గ్రాములు. తల మార్చిన ప్రతిసారీ వెనుక ఉన్న గుండును తిప్పి బరువు మళ్ళీ సరిచూడాలి. ముందు చేయి గాలిలో సమంగా తేలేలా గుండు తిప్పాలి, అక్కడ అంకె సున్నాకు తేవాలి, ఆ తర్వాత కావలసిన గ్రాములు. కంసాలి త్రాసు పట్టినంత శ్రద్ధగా చేయాలి. మూడు ముళ్ళ బంధం అంటే ఇదేనని మా మనవడు నవ్వుతాడు.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది 78 వేగం దగ్గర. పేరున్న డీజే యంత్రాలన్నిటికీ 78 వేగం ఉండదు. పాత టెక్నిక్స్ మార్క్-2కు లేదు, పయనీర్ పిఎల్‌ఎక్స్-1000కు లేదు. అదే పయనీర్ పిఎల్‌ఎక్స్-500కు ఉంది, 2019లో వచ్చిన టెక్నిక్స్ మార్క్-7కు ఉంది, ఆడియో టెక్నికా ఎల్‌పి-120కి ఉంది. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మన ప్లేటు ఆడుతుందని లేదు. మేము చివరికి ఆడియో టెక్నికాది తీసుకున్నాం. టెక్నిక్స్ దానికంటే మేలైన యంత్రమే, నేను కాదనను. కానీ మిగిలే డబ్బు ముళ్ళకు పెట్టాలన్నది నా లెక్క. వజ్రం ముల్లు కూడా 500 నుంచి వెయ్యి గంటలకు అరుగుతుంది. అరిగిన ముల్లు ఉలితో సమానం. ఇంకొక మాట, మన వయసులో ముందు తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడే. మన చెవికి అందని దాని కోసం లక్షలు పోసి ముల్లు కొనడం దండగ.

ఇక కరెంటు సంగతి. ఇది నా శాఖ కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. డల్లాస్‌లో ఉన్న మా చిన్నమ్మాయి "నాన్నా, ఇక్కడ చవక, పంపిస్తా" అంది. వద్దన్నాను. అక్కడ 120 వోల్టులు, 60 సైకిళ్ళు. ఇక్కడ 230 వోల్టులు, 50 సైకిళ్ళు. వోల్టేజి తేడాకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. సైకిళ్ళ తేడాకు ఏం పెడతాం? కొన్ని బెల్టు ప్లేయర్లలో మోటారు వేగం సైకిళ్ళను బట్టే ఉంటుంది. అలాంటిది అక్కడి నుంచి తెస్తే 33 తిరగవలసిన ప్లేటు 28 కూడా తిరగదు. ఘంటసాల గారి గొంతు జ్వరం వచ్చినట్టు వినిపిస్తుంది. క్వార్ట్‌జ్‌తో వేగాన్ని పట్టి ఉంచే డైరెక్ట్ డ్రైవ్‌కు సైకిళ్ళ బాధ లేదు. అయినా వెనుక రాసి ఉన్న వోల్టేజి చదవకుండా ఏదీ ప్లగ్గులో పెట్టకండి. 100 నుంచి 240 అని ఉంటే నిశ్చింత.

వేగం సరిగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. అట్ట మీద సమానంగా 180 గీతలు గీసి పళ్ళెం మీద పెట్టి, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద చూడండి. మన 50 సైకిళ్ళ కరెంటుకు ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది, నిమిషానికి 6000. దాన్ని 33 1/3తో భాగిస్తే 180. వేగం సరిగా ఉంటే గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటి కింద ఇది పనిచేయదు.

ముల్లు నుంచి వచ్చే కరెంటు కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని పెంచడానికి ఫోనో ప్రీయాంప్ అనేది కావాలి. అది లేకుండా మామూలు యాంప్లిఫయరుకు కలిపితే పాట దోమ పాడినట్టుంటుంది. మా యంత్రంలో అది లోపలే ఉంది, వెనుక ఒక మీట. నేను వినేటప్పుడు 'లైన్', వాడు కంప్యూటరుకు కలిపేటప్పుడు 'ఫోనో'. మొదటి వారం వాడు మీట మార్చడం మరిచిపోయి, కంప్యూటరు పాట బొంగురుపోయిందని నన్ను తిట్టుకున్నాడు. ఇంకా గుయ్‌మని మోత వస్తుంటే ముందు ఎర్త్ వైరు చూడండి. లైన్‌మన్లకు నేను ముప్పై ఆరేళ్ళు చెప్పిన మాటే ఇది.

ప్లేయరును స్పీకరు ఉన్న బల్ల మీదే పెట్టకండి. స్పీకరు అదురు ముల్లుకు చేరి, ముల్లు నుంచి మళ్ళీ స్పీకరుకు పోయి ఊళలు పెడుతుంది. మా ఇంట్లో గోడలో దిగిన బండ అల్మారా ఉంది, దాని మీద పెట్టాను. ప్లేట్లను నిలబెట్టి ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మన ఎండలకు రేకుల గదిలో పెడితే అప్పడాల్లా వంకర్లు పోతాయి. 78 ప్లేట్లను స్పిరిట్‌తో మాత్రం తుడవకండి. అవి లక్కతో చేసినవి. బల్లలకు పాలిష్ వేసే వడ్రంగి లక్కను స్పిరిట్‌లోనే కదా కరిగిస్తాడు! మెత్తని గుడ్డ, శుభ్రమైన నీళ్ళు, మధ్యలో ఉన్న కాగితం తడవకుండా, అంతే.

మా ఇద్దరి మధ్య ఒప్పందం ఉంది. యంత్రం డీసీఎం ఎక్కదు. పగలు వాడిది, సాయంత్రం ఆరు దాటితే నాది. వాడి తల నేను ముట్టుకోను, నా తలలు వాడు ముట్టుకోడు. మొదటి నెలలో ఒకసారి వాడు ఆరున్నరైనా లేవలేదు. "తాతా, ఇంకొక్క పాట" అన్నాడు. మైకు సెట్టు రోజుల్లో నేనూ యజమానితో ఆ మాటే అనేవాణ్ణి కాబట్టి ఊరుకున్నాను.

లవకుశ రికార్డు సంగతి అడుగుతారు. కొత్త ముల్లుతో వేశాను. సుయ్యిమనే చప్పుడు పోలేదు. గాడిలో పోయిన మట్టి తిరిగి రాదు. రెండో పక్క నేను తక్కువసార్లు వేశాను, అది బాగానే ఉంది. మిగిలిన 42 రికార్డులను మనవడు ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించాడు, యంత్రానికి ఆ వసతి కూడా ఉంది. అవి వాడి ట్రాక్టర్‌లో బరాత్ పాటల పక్కన వాళ్ళ నానమ్మ పేరుతో ఒక వరుసగా ఉన్నాయి. లవకుశను కూడా ఎక్కించాడు, చప్పుడుతో సహా. ఆ చప్పుడును కంప్యూటరుతో తుడిచేస్తానన్నాడు. ఇంకా ఒప్పుకోలేదు నేను.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మా ఇంట్లో ఉంటాను. అటక మీద ప్లేట్లు ఉన్నవాళ్ళు తీసుకురండి, ఏది ఏ ముల్లుకు ఆడుతుందో చూసి చెబుతాను. ఆటోలో తెచ్చేటప్పుడు ఒళ్ళో నిలబెట్టి పట్టుకోండి. పగిలిన ప్లేటు ఉన్నా తీసుకురండి గానీ, దాన్ని మాత్రం ముల్లు మీద పెట్టను. టీ మా మనవడు పెడతాడు.